తిరిగే పళ్లేల హోటల్‌కు వెళ్లే ముందు

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. సెలవుల్లో మీ బాబాయి దగ్గరకు జపాన్ వెళ్తున్నారని విని చాలా సంతోషించాను. అక్కడ పళ్లేలు తిరిగే సుషీ హోటల్‌కు తప్పకుండా తీసుకెళ్లమని అడగండి. సుషీ అంటే పుల్లటి అన్నంతో, ఎక్కువగా చేప ముక్కలు పెట్టి చేసే జపాన్ వంటకం. వెళ్లే ముందు దాని సంగతి కొంచెం తెలుసుకోండి.

గుమ్మం దగ్గరున్న తెర మీద ఎంతమంది వచ్చారో నొక్కితే చీటీ వస్తుంది. అందులో చెప్పిన బల్ల దగ్గర మరో తెర ఉంటుంది. బొమ్మలు చూసి కావలసినవి ఎంచుకుంటే కబురు వంటింటికి వెళ్తుంది. కాసేపటికి పక్కనే కదిలే పట్టా (బెల్టు) మీద మీ పళ్లెం వచ్చి ఆగుతుంది.

ఇది నిన్నమొన్నటి వింత కాదు. ఒసాకా దగ్గర చిన్న సుషీ కొట్టు నడిపిన శిరాయిషి యొషియాకికి పనివాళ్లు చాలేవారు కాదు. బీరు ఫ్యాక్టరీలో సీసాలు పట్టా మీద సాగిపోవడం చూసి, పళ్లేలను కూడా అలాగే అందరి ముందు నుంచి తిప్పితే, కావలసినవాళ్లే తీసుకుంటారు కదా అనుకున్నారు. 1958లో ఆయన మొదటి హోటల్ తెరిచారు. 1970లో ఒసాకాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనతో అది దేశమంతటికీ తెలిసింది. ఖరీదైన సుషీ మామూలు కుటుంబాలకు అందింది. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

అయితే ఆ పట్టా నడిచేది మోటారుతో మాత్రమే కాదు పిల్లలూ, నమ్మకంతో కూడా. మీ ముందుకు వచ్చే పళ్లెం ఎందరో తెలియనివాళ్ల ముందు నుంచి వస్తుంది. వాళ్లెవరూ దాన్ని పాడుచేయరని నమ్మే మీరు తింటారు. తాజాదనం చూసుకోవడం యంత్రం పని. సుషిరో అనే సుషీ హోటళ్ల సంస్థ పళ్లేలకు చిప్ అమర్చి, 350 మీటర్లు తిరిగినవాటిని పట్టా మీంచి తీసేసే ఏర్పాటు చేసింది. కానీ మనిషి బుద్ధిని ఏ చిప్ కనిపెడుతుంది? 2023లో ఒక కుర్రవాడు బల్ల మీది సోయాసాస్ సీసాను నాకుతూ తీసిన వీడియో బయటికి వచ్చింది. దేశమంతా అసహ్యించుకుంది. చాలా చోట్ల పళ్లేలను ఊరికే తిప్పడం మానేసి, అడిగినవి మాత్రమే పంపడం మొదలుపెట్టారు. ఆ వార్త చదివి నాకు నిజంగా బాధేసింది. అందుకే గట్టిగా చెబుతున్నాను: ఒకసారి చేత్తో తీసిన పళ్లెం మళ్లీ పట్టా మీద పెట్టకండి. పక్క బల్లవాళ్లు అడిగి తెప్పించుకున్నది మీ ముందు నుంచి వెళ్తుంటే ముట్టుకోకండి.

బల్ల దగ్గర చిన్న కుళాయి ఉంటుంది. అది చేతులు కడుక్కోవడానికి కాదు, టీకి. అందులోంచి వచ్చేది మరిగే నీళ్లు. కప్పులో ఆకుపచ్చ టీ పొడి వేసి, కప్పుతోనే మీటను నొక్కాలి. తమ్ముడిని దానికి దూరంగా కూర్చోబెట్టండి.

చేప తినని అమ్మమ్మకు దోసకాయ ముక్క పెట్టి చుట్టిన కప్పా మాకీ తెప్పించండి. వేయించిన టోఫు (సోయా పనీర్) సంచిలో అన్నం కూరిన ఇనారి చూడటానికి శాకాహారంలాగే ఉంటుంది, కానీ ఆ టోఫును చాలాసార్లు చేప రసంలో ఉడికిస్తారు. అమ్మమ్మకు పెట్టే ముందు అడగండి.

మీ బాబాయి కురా సుషీ అనే హోటల్‌కి తీసుకెళ్తే ఖాళీ పళ్లేలను బల్ల దగ్గరున్న సందులో వేయండి. అయిదు పళ్లేలు పడగానే తెర మీద ఆట మొదలవుతుంది. గెలిస్తే చిన్న బొమ్మ ఇస్తారు. ఏమేం తిన్నారో, అమ్మమ్మకు ఏది నచ్చిందో నాకు రాయండి.

ప్రేమతో,
మీ పెద్దతాత