నేపాళ మాంత్రికుడికి ముందు ఎస్.వి. రంగారావు

1951 మార్చిలో 'పాతాళభైరవి' విడుదలైనప్పుడు, గడ్డంతో, గాలిలో వేళ్లు తిప్పుతూ, 'డింభకా' అన్న ఒక్క పిలుపును సాగదీసి పలికిన నేపాళ మాంత్రికుణ్ణి చూసి, ఆ నటుడికి ఏ యాభై ఏళ్లో ఉంటాయని ఎవరైనా అనుకుంటే తప్పుపట్టలేం. నిజానికి సామర్ల వెంకట రంగారావుకు అప్పటికి 33 ఏళ్లు నిండలేదు. ఆ ఒక్క చిత్రంతోనే ఆయన రాత్రికి రాత్రి పైకొచ్చారన్న మాట వాడుకలో ఉంది గానీ, అది సగమే నిజం.

ఆయన 1918 జూలై 3న నూజివీడులో పుట్టారు. తండ్రి కోటేశ్వరరావు ఆబ్కారీ శాఖ ఉద్యోగి. నాయనమ్మ దగ్గర మద్రాసులో పెరుగుతూ, హిందూ హైస్కూలులో చదువుకునే రోజుల్లోనే రంగారావు ముఖానికి రంగు వేసుకున్నారు. చదువుకున్న ఇంటి పిల్లవాడు నాటకాల్లో తిరగడం పెద్దలకు నచ్చని కాలమది. అయినా కాకినాడ పి.ఆర్. కాలేజీలో బీఎస్సీ చదివేనాటికి ఆయన యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్‌లో ముఖ్య నటుడయ్యారు. తర్వాత చిత్రరంగంలో పేరు తెచ్చుకున్న అంజలీదేవి, ఆదినారాయణరావు కూడా ఆ క్లబ్ నుంచి వచ్చినవారే. పౌరాణిక పద్యనాటకాలు ఊరూరా మోగుతున్న రోజుల్లో షేక్‌స్పియర్ పాత్రలైన షైలాక్, ఒథెల్లోలను వేయడం ఆయనకు రాగం మీద కాక మాట విరుపు మీద ఆధారపడటం నేర్పిందని నాకనిపిస్తుంది.

చదువయ్యాక అగ్నిమాపక శాఖలో ఆఫీసరుగా బందరు, విజయనగరాల్లో పనిచేశారు. నాటకాలకు తీరిక దొరుకుతుందనుకున్న ఆ ఉద్యోగం తీరిక లేకుండా చేయడంతో రాజీనామా ఇచ్చారు. బంధువైన బి.వి. రామానందం తీసిన 'వరూధిని'లో (1947) ప్రవరుడి వేషం దక్కింది. చిత్రం ఆడలేదు. ఆ తర్వాత మద్రాసులో వేషాలు రాక, జంషెడ్‌పూర్ టాటా కంపెనీలో బడ్జెట్ అసిస్టెంటుగా చేరి, పెళ్లి చేసుకుని, లెక్కల పుస్తకాల మధ్య స్థిరపడబోయారు.

దర్శకుడు బి.ఎ. సుబ్బారావు 'పల్లెటూరి పిల్ల'లో ప్రతినాయకుడి వేషానికి కబురు పంపగానే ఉద్యోగం వదిలి బయలుదేరారు. ఇంతలో తండ్రి చనిపోయారు. కర్మకాండ ముగించుకుని వచ్చేసరికి ఆ వేషం నటుడు ఎ.వి. సుబ్బారావుకు వెళ్లిపోయింది, రంగారావుకు చిన్న పాత్ర మిగిలింది. అప్పుడాయన మళ్లీ జంషెడ్‌పూర్ రైలెక్కి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు.

విజయా వారి తొలి చిత్రం 'షావుకారు'లో (1950) సున్నం రంగడనే రౌడీ వేషం ఆయనను నిలబెట్టింది. అదే సంస్థ వెంటనే మాంత్రికుడి పాత్ర ఇచ్చింది. షైలాక్‌ను మనసులో పెట్టుకునే ఆ మాంత్రికుణ్ణి మలిచారని చెబుతారు. 'పాతాళభైరవి' తమిళంలోనూ తయారైనప్పుడు మాంత్రికుడు ఆయనే. మద్రాసు వీధుల్లో చిన్ననాడు అబ్బిన తమిళం అక్కడ అక్కరకొచ్చింది.