ఖాళీ ఇళ్ళకు ఇనుప తలుపులు

2022 మే నెలలో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బరో (నగరంలోని ఒక పాలనా విభాగం) కౌన్సిల్‌ను లేబర్ పార్టీ గెలుచుకుంది. 54 స్థానాల్లో 31 దానివే. 1964లో తొలి ఎన్నిక జరిగినప్పటి నుంచి ఆ బరో కన్జర్వేటివ్‌ల చేయి జారడం అదే మొదటిసారి. ఆ ఫలితం వెనుక ఉన్న పాత గాయం తెలియాలంటే 1986కి వెళ్ళాలి.

ఆ ఏడాది ఎన్నికల్లో కన్జర్వేటివ్‌లు అంచు దాకా వెళ్ళి బయటపడ్డారు. 60 స్థానాల్లో వాళ్ళకు 32, లేబర్‌కు 27, ఒకటి స్వతంత్రుడికి. కౌన్సిల్ నాయకురాలు షర్లీ పోర్టర్, టెస్కో వ్యవస్థాపకుడి కూతురు. ఆమె, ఆమె సహచరులు గెలుపోటములు తేల్చే ఎనిమిది వార్డులను గుర్తించారు. అక్కడ కౌన్సిల్ సొంతమైన ఇంట్లో అద్దెకున్నవాళ్ళు లేబర్‌కు, ఇల్లు కొనుక్కున్నవాళ్ళు తమకు ఓటేస్తారన్నది వాళ్ళ లెక్క.

అద్దెకున్నవాళ్ళు తామున్న ఇంటిని కొనుక్కునే హక్కు 1980 చట్టంతోనే వచ్చింది. ఇక్కడ జరిగింది వేరు. అద్దెకున్నవాళ్ళు వెళ్ళిపోయినా, చనిపోయినా ఆ ఇంటిని తర్వాతి పేద కుటుంబానికి ఇవ్వకుండా అమ్మకానికి పక్కన పెట్టారు. ఆ ఎనిమిది వార్డుల్లో ఏడాదికి 250 ఇళ్ళు అమ్మాలనుకున్నారు. అక్కడే అమ్మితే కోర్టులో నిలవదని న్యాయవాది చెప్పడంతో 1987 జూలైలో బరో మొత్తానికి 500 అని మార్చారు. లెక్క మారింది, ఉద్దేశం మారలేదు.

ఖాళీ అయిన ఫ్లాటులోకి ఎవరూ చొరబడకుండా ఇనుప తలుపు బిగించేవారు. పక్కనే కాపురముంటున్నవాళ్ళకు పొద్దున్నే కనిపించేది ఆ తలుపే. అదే రోజుల్లో నిలువ నీడ లేని కుటుంబాలు చౌక హోటల్ గదుల్లో పిల్లలతో సర్దుకున్నాయి. కొన్నింటిని హెర్మీస్ పాయింట్, చాంట్రీ పాయింట్ అనే రెండు టవర్లలో పెట్టారు. వాటిలో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్‌బెస్టాస్ ఉందని కౌన్సిల్‌కు తెలుసు. నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఇదే.

1990లో కన్జర్వేటివ్‌లు 45 స్థానాలు గెలిచారు. అదంతా ఇళ్ళ అమ్మకం వల్లేనని చెప్పలేం. ఆ ఏడాది దేశమంతా మండిపడ్డ పోల్ టాక్స్ (మనిషికి ఇంతని వేసే స్థానిక పన్ను) వెస్ట్‌మినిస్టర్‌లో తలకు 195 పౌండ్లే.

అప్పటికే కొందరు స్థానిక ఓటర్లు కౌన్సిల్ లెక్కల మీద ఆడిటర్‌కు అభ్యంతరం తెలిపారు. ఆడిటర్ జాన్ మాగిల్ ఏళ్ళ తరబడి కాగితాలు తవ్వి, ఈ అమ్మకాలతో కౌన్సిల్‌కు కలిగిన నష్టానికి 1996లో పోర్టర్‌నూ మరికొందరినీ బాధ్యులని తేల్చారు. కోర్టుల్లో తీర్పు అటూ ఇటూ మారి, 2001 డిసెంబరులో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ పోర్టర్ బాధ్యురాలేనని ఖాయం చేసింది. ఇది రాజకీయ అవినీతి కేసు అని అక్కడి న్యాయమూర్తి లార్డ్ స్కాట్ సూటిగా రాశారు. జేబులోకి డబ్బు వెళ్ళకపోయినా, ప్రజల ఆస్తిని పార్టీ కోసం వాడితే అదీ అవినీతేనన్నమాట. వడ్డీతో కలిపి పోర్టర్ కౌన్సిల్‌కు కట్టాల్సిన బాకీ 4 కోట్ల పౌండ్లు దాటింది. 2004లో 1.23 కోట్ల పౌండ్లకు రాజీ కుదిరింది.

ఆ రెండు టవర్లున్న ఎల్గిన్, దాని పక్కనున్న వాల్టర్టన్ ఇళ్ళలో అద్దెకున్నవాళ్ళు మాత్రం తీర్పు దాకా ఆగలేదు. 1985లోనే సంఘం కట్టుకున్నారు. కౌన్సిల్ ఇళ్ళను వేరే యాజమాన్యానికి మార్చుకోవచ్చని కన్జర్వేటివ్‌ల థాచర్ ప్రభుత్వమే 1988లో తెచ్చిన చట్టాన్ని చేతపట్టి, ఇంటింటా ఓట్లు కూడగట్టి, 1992లో 921 ఇళ్ళను తమ సంఘం పేరిట రాయించుకున్నారు. తర్వాత ఆ రెండు టవర్లను కూల్చేసి, అక్కడే కొత్త ఇళ్ళు కట్టుకున్నారు.