పాత గళ్లు, కొత్త గళ్లు

హనుమకొండలో మా ఇంటి వరండాలో శాబాదు బండల మీద చాక్‌పీసుతో గళ్లు గీసి, చింతగింజలు పెట్టి మా మేనల్లుడికి 'గేమ్ ఆఫ్ లైఫ్' చూపిద్దామని కూర్చున్నా. గణితవేత్త జాన్ కాన్వే కట్టిన ఈ ఆట 1970 అక్టోబరులో మార్టిన్ గార్డ్‌నర్ 'సైంటిఫిక్ అమెరికన్'లో రాశాక బయటి జనానికి తెలిసింది. ఆట అంటాం గానీ ఆడేవాళ్లెవరూ ఉండరు. ప్రతి గడి చుట్టూ ఎనిమిది గళ్లుంటాయి కదా, వాటిలో రెండు గానీ మూడు గానీ గింజలుంటే ఆ గడిలో ఉన్న గింజ నిలుస్తుంది, తక్కువైనా ఎక్కువైనా పోతుంది. ఖాళీ గడి చుట్టూ సరిగ్గా మూడుంటే అక్కడ కొత్తది పుడుతుంది. అంతే.

అడ్డంగా మూడు పెట్టాం. తర్వాతి తరంలో, అంటే అన్ని గళ్లకీ ఒకసారి ఈ లెక్క చూశాక, అవి నిలువుగా మూడు కావాలి.

"మామా, నాలుగైనయ్. అవి గూడ వంకరగ!"

పచ్చీసు అలవాటు మరి, ఒకరి తర్వాత ఒకరు కాయ జరపడమే మనకు తెలుసు. పైవరసలో నడిమి గడికి మూడు లెక్క రాగానే గింజ పెట్టేశాం. దాని కుడిపక్క గడికి కింద రెండే ఉన్నాయి, కానీ ఇప్పుడే పెట్టిన గింజతో కలిపి మూడయ్యాయి, అక్కడా పెట్టేశాం. నిజానికి ఆ మొదటి గింజ ఇంకా పుట్టలేదు! ఈ ఆటలో అన్ని గళ్లూ ఒకేసారి మారాలి.

ఈ ఆటను కంప్యూటర్ ప్రోగ్రామ్‌గా రాసినా ఇదే తిప్పలు. పాత గళ్లను చూసి లెక్కపెట్టాలి, ఫలితం వేరే గళ్లలో రాయాలి, మొత్తం అయ్యాకే కొత్తవాటిని పాతవాటి చోట పెట్టాలి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 'కొత్త = పాత' అని రాసి కాపీ అయిందనుకుంటే మునిగినట్టే, అది రెండో జాబితా చేయదు, ఉన్నదానికే ఇంకో పేరు తగిలిస్తుంది. ఒకసారి నేను దీనికి సాయంత్రమంతా పోగొట్టుకున్నా.

అది సరిచేశాక గ్లైడర్ అనే ఆకారం వేసి చూడండి. గింజలున్న ఐదు గళ్లు, నాలుగు తరాలకోసారి అదే ఆకారంతో ఒక గడి మూలగా జరుగుతాయి. 'జరుగు' అని మనం ఎక్కడా రాయలేదు, అయినా జరుగుతుంది!

ఆర్-పెంటోమినో అనే ఇంకో ఆకారం ఇంకా పెంకిది. అదీ ఐదు గళ్లే, కానీ సద్దుమణగడానికి 1103 తరాలు పడుతుంది, మధ్యలో గ్లైడర్లను బయటికి వదులుతూ పోతుంది. మీకు ఆ అంకె రాకపోతే నియమాల్ని అనుమానించకముందు అంచులు చూడండి: కుడి అంచు దాటింది ఎడమవైపు నుంచి వచ్చేట్టు రాసి ఉంటే, వెళ్లిపోయిన గ్లైడర్ చుట్టు తిరిగొచ్చి పుట్టినచోటే గుద్దుతుంది.