కనలెట్టో బొమ్మలో రాయి, నీరు, పాచి

లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ‘ద స్టోన్‌మేసన్స్ యార్డ్’ (రాళ్లు చెక్కేవాళ్ల జాగా) అనే ఈ బొమ్మను వెనిస్ చిత్రకారుడు కనలెట్టో 1725 ప్రాంతంలో వేశాడు. బొమ్మలోని ఊరూ ఇటలీలోని ఆ వెనిసే. కాలువ అవతల చర్చి ఉంది కానీ చూపు ముందు అటు పోదు. ఇవతలి గట్టున దుమ్ము రేగుతున్న ఖాళీ జాగా, చెక్క పాకలు, తెల్లరాతి దిమ్మెలు, ఉలీ సుత్తీ పట్టిన పనివాళ్లు. ఎడమ మూల ఒక పసివాడు వెల్లకిలా పడి, ఆ కంగారులో ఉచ్చ పోసేశాడు. తల్లి చేతులు చాచి ఉరికొస్తోంది. పై నుంచి ఇంకొకామె తొంగి చూస్తోంది. కిటికీ గట్టు మీద కోడిపుంజు. రాజుల పటాలకు అలవాటుపడిన కాలంలో ఇంత మామూలు పొద్దును ఇంత పెద్ద గుడ్డ మీద, దాదాపు 124 సెంటీమీటర్ల ఎత్తు, 163 సెంటీమీటర్ల వెడల్పున వేయడం నాకు భలే నచ్చుతుంది.

అవతలి గట్టున కనిపించేది శాంటా మరియా డెల్లా కారిటా చర్చి. దాని పక్కన నిటారుగా నిలిచిన గంటగోపురం 1740ల్లో కూలిపోయింది. చర్చి కట్టడం ఇప్పుడు అకాడెమియా చిత్రశాలలో భాగం. అక్కడ కాలువ దాటడానికి వంతెన 1854లో గానీ రాలేదు.

ఇక ఆ రాళ్ల సంగతి. దగ్గర్లోని సాన్ విదాల్ చర్చి మరమ్మతు కోసమే వాటిని బహుశా అక్కడ చెక్కుతున్నారు. వెనిస్‌లో ఇలాంటి పనులకు పేరుపడ్డది ఏడ్రియాటిక్ సముద్రం అవతలి ఇస్ట్రియా నుంచి పడవల మీద వచ్చే సున్నపురాయి. గట్టిది, నీటిని దాదాపు పీల్చదు. అందుకే వెనిస్ మేస్త్రీలు గోడ అడుగున, నీరు తగిలే మేర ఈ రాయిని పరిచి, ఆపైన ఇటుక కట్టేవాళ్లు. ఇటుక అలా కాదు. దీపపు వత్తి నూనెను లాగినట్టు ఉప్పునీటిని పైకి లాగుతుంది. నీరు ఆరిపోయాక ఉప్పు గోడలోనే గడ్డకట్టి, సందుల్లో ఉబ్బి, ఇటుకను పెచ్చులు పెచ్చులుగా రాల్చేస్తుంది. నీరు రాతివరస దాటనంత కాలం ఇబ్బంది లేదు. ఇప్పుడు చాలాచోట్ల దాటేసింది.

కనలెట్టో కాలం నుంచి నీటిమట్టం ఎంత పెరిగిందో తేల్చడానికి అతని బొమ్మలే పనికొచ్చాయి. పోటు రోజూ తడిపే ఎత్తు వరకు గోడల మీద ఆకుపచ్చ పాచి పడుతుంది, అక్కడితో ఆగిపోతుంది. కాలువ పక్క భవనాలు వేసినప్పుడు కనలెట్టో, అతని మేనల్లుడు బెల్లొట్టో ఆ గీతనూ వేశారు. ఇటలీ శాస్త్రవేత్త డారియో కముఫో, తన సహచరుడితో కలిసి, నేటికీ నిలిచి ఉన్న భవనాల దగ్గర పాతగీతకూ కొత్తగీతకూ తేడా కొలిచాడు. మోటారు పడవల అలలు పాచిని కాస్త పైకి ఎక్కిస్తాయి కనుక ఆ వాటా తీసేశాడు. 2003లో ప్రచురించిన లెక్క: సుమారు 61 సెంటీమీటర్లు, 11 అటూఇటూగా.

కనలెట్టోను అంతగా నమ్మొచ్చా? అన్ని విషయాల్లోనూ కాదు. కూర్పు కుదరడం కోసం కట్టడాలను జరపడం, రెండు చోట్ల నుంచి చూసినదాన్ని ఒకే బొమ్మలో కలపడం అతనికి మామూలే. అందుకే కముఫో ముందు భవనాల కొలతలు సరిపోయిన బొమ్మలనే ఏరుకున్నాడు. నాకు తోచేది ఇంకొకటి: కొనుక్కునే ఇంగ్లిష్ దొరల కోసం గోపురాన్ని పొడుగు చేయొచ్చు, ఆకాశాన్ని శుభ్రం చేయొచ్చు. గోడకు పట్టిన పాచిని అరమూర పైకో కిందికో జరిపి అతను బావుకునేదేముంది?

ఆ 61 సెంటీమీటర్లలో సముద్రం పెరిగినదెంత, నేల దిగినదెంత అన్నది మాత్రం బొమ్మ విడదీసి చూపలేదు. వెనిస్‌లో నీటిమట్టాన్ని పరికరంతో కొలవడం 1872లో మొదలైంది. వెనిస్ నిలిచింది మెత్తటి బురద మీద, అది తనంతట తానే అణుగుతుంది. దానికి తోడు 20వ శతాబ్దం మధ్యలో పక్కనున్న మర్గేరా పరిశ్రమలు భూగర్భజలాన్ని తోడేయడంతో ఇంకో పది సెంటీమీటర్లకు పైగా కుంగింది. 1970ల్లో బోర్లు ఆపేశాక ఆ వేగం తగ్గింది. సముద్రం వేగం తగ్గలేదు.