సి విటమిన్ డ్రిప్: "విటమినే కదా" అనుకునేవాళ్ల కోసం

పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడేకొద్దీ నా ఓపీలో ఈ ప్రశ్న ఎక్కువవుతుంది: "గ్లో కోసం సి విటమిన్ డ్రిప్ పెట్టించుకుందామనుకుంటున్నా డాక్టర్ గారూ, విటమినే కదా?" ఇంకోపక్క క్యాన్సర్ పేషెంట్ల పిల్లలు ఫోన్‌లో వచ్చిన మెసేజ్ చూపించి ఇదే అడుగుతారు. ఎవరడిగినా నేను ముందు అడిగేది జీ6పీడీ టెస్ట్ (ఎర్ర రక్తకణాల్ని కాపాడే ఒక ఎంజైమ్‌ని చూసే రక్తపరీక్ష) చేయించారా అనే. ఆ పేరు విన్నవాళ్లే తక్కువ.

అపోహ: నీళ్లలో కరిగే విటమిన్, ఎక్కువైతే మూత్రంలో పోతుంది.

మాత్రల విషయంలో ఇది చాలావరకు నిజమే, ఎంత మింగినా పేగులు ఒక హద్దు దాటి పీల్చుకోవు. నరంలోకి నేరుగా ఎక్కిస్తే ఆ కాపలా ఉండదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మగవాళ్లకు రోజుకు కావలసింది 80 మిల్లీగ్రాములు. అంటే 25 గ్రాముల డ్రిప్‌తో పది నెలల కోటా ఒక్క పూటలో లోపలికి పోతుంది. అంత మోతాదులో అది తిరగబడి ఒంట్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది. క్యాన్సర్ పరిశోధకులకు దాని మీద ఆసక్తి కూడా అందుకే. ఇక మూత్రంలో పోయేదాంట్లో కొంత ఆక్సలేట్‌గా, అంటే కిడ్నీలో స్ఫటికాలు కట్టే పదార్థంగా మారుతుంది. కిడ్నీలు అప్పటికే బలహీనంగా ఉంటే ఆ స్ఫటికాలు లోపలే పేరుకుని డయాలసిస్ దాకా వెళ్లిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అందుకే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడాలి, ఎప్పుడైనా రాళ్లు వచ్చాయా అని అడగాలి.

అపోహ: నాకే జబ్బూ లేదు, టెస్టులెందుకు?

జీ6పీడీ లోపం ఉన్నవాళ్లలో చాలామంది అలాగే అంటారు, ఎందుకంటే మామూలు రోజుల్లో వాళ్లకు ఏ తేడా కనిపించదు. ఎర్ర రక్తకణాన్ని పెరాక్సైడ్ లాంటి వాటి నుంచి కాపాడే ఎంజైమ్ అది. అది తక్కువున్న మనిషికి పెద్ద డోసు ఎక్కిస్తే కణాలు పగిలిపోతాయి. మూత్రం కోలా రంగులోకి మారుతుంది, కళ్లు పచ్చబడతాయి, ఆయాసం వస్తుంది. ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీద వచ్చే లోపం కాబట్టి మగవాళ్లలో ఎక్కువ, అలాగని ఆడవాళ్లకు మినహాయింపు లేదు. మలేరియా పాతుకుపోయిన ప్రాంతాల్లో ఎక్కువ కనిపిస్తుంది, మన ఏజెన్సీ ఊళ్లలో మలేరియా మందు ప్రైమాక్విన్ ఇచ్చేటప్పుడు దీని గురించి జాగ్రత్తపడేది అందుకే.

ఉందో లేదో మాత్రమే చెప్పే రకం కాకుండా ఎంజైమ్ ఎంతుందో అంకెల్లో ఇచ్చే టెస్ట్ చేయించండి, ముఖ్యంగా ఆడవాళ్లు. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్లకు, కణాలు పగిలి కోలుకుంటున్నవాళ్లకు లోపం ఉన్నా రిపోర్ట్ నార్మల్‌గా రావచ్చు, ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పాలి.

అపోహ: టెస్ట్ డోస్ వేశారుగా, ఏమీ కాలేదు.

ఈ మాట వింటే నాకు నిజంగా టెన్షన్. చర్మం కింద వేసే ఆ చుక్క అలర్జీ కోసం. దానికీ జీ6పీడీకీ, కిడ్నీలకీ సంబంధమే లేదు.

అపోహ: షుగర్ పేషెంట్లకు మంచిదే.

చాలా గ్లూకోమీటర్ల స్ట్రిప్పులు సి విటమిన్‌ని గ్లూకోజ్‌గా పొరబడతాయి. డ్రిప్ అయ్యాక ఇంట్లో చూసుకుంటే 350 అని కనిపించవచ్చు, అసలు షుగర్ 120 ఉండొచ్చు. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ పెంచితే మనిషి లో-షుగర్‌తో పడిపోతాడు. ఆ రోజంతా వేలి చుక్కను నమ్మొద్దు, నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో హెక్సోకైనేజ్ పద్ధతిలో చూడాలి. కిడ్నీ సమస్య ఉంటే ఈ తేడా ఇంకా ఎక్కువసేపు ఉంటుంది.

గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇంకోటి: 25 గ్రాముల సోడియం ఆస్కార్బేట్‌లో (సి విటమిన్ సోడియం రూపం) దాదాపు 7 గ్రాముల ఉప్పులో ఉన్నంత సోడియం ఉంటుంది. తరచూ రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లలకు, ఐరన్ పేరుకుపోయినవాళ్లకు అసలు వద్దంటాను.

అపోహ: క్యాన్సర్‌కి ఇదే మందు, డాక్టర్లు దాస్తున్నారు.

దాచడానికేముంది? 1976లో నోబెల్ అందుకున్న రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్, డాక్టర్ కామెరాన్ లాభం ఉందన్నారు. అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి 1979లో, 1985లో నోటి ద్వారా ఇచ్చి చూస్తే ఏమీ కనిపించలేదు. నరంలోకి ఇస్తే వేరుగా ఉంటుందేమో అన్న ప్రశ్న న్యాయమైనదే. 2024లో అయోవా యూనివర్సిటీ వాళ్లు ముదిరిన పాంక్రియాస్ క్యాన్సర్‌లో కీమోతో పాటు వారానికి మూడుసార్లు 75 గ్రాములు ఇస్తే సగటు ఆయుష్షు 8 నెలల నుంచి 16కి పెరిగింది, కానీ అందులో ఉన్నది 34 మందే. చైనాలో పెద్దపేగు క్యాన్సర్ మీద జరిగిన పెద్ద ట్రయల్‌లో మొత్తంగా లాభం రాలేదు. ఈ రెండింటిలోనూ కీమో ఆపలేదు, గమనించండి. మైలోమాకి (ఒక రకం రక్త క్యాన్సర్) బోర్టెజోమిబ్ అనే మందు తీసుకుంటున్నవాళ్లయితే ముందు మీ ఆంకాలజిస్ట్‌కి చెప్పండి, సి విటమిన్ ఆ మందు పనిని అడ్డుకోవచ్చు.

గ్లో సంగతి? అమెరికాలో సి విటమిన్ ఇంజెక్షన్‌కి అనుమతి ఉన్నది సి విటమిన్ లోపంతో వచ్చే స్కర్వీ జబ్బుకే, అదీ పెద్దవాళ్లకు రోజుకు 200 మిల్లీగ్రాములు.

ఇప్పటికే ఎక్కించుకుని, ఒకటి రెండు రోజుల్లో మూత్రం నల్లబడినా, పెదాలు నీలంగా మారినా నీళ్లు తాగి పడుకోకండి, ఎమర్జెన్సీకి వెళ్లండి. డ్రిప్ సంగతి, ఎన్ని గ్రాములో దాచకుండా చెప్పండి. పెదాలు నీలమైతే మామూలుగా ఇచ్చే విరుగుడు మిథిలీన్ బ్లూ, జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకు అదే ఇంకా కణాలు పగలగొడుతుంది.