చేప పక్కన ఏ అక్షరం ఎందుకు?

చిరంజీవులిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో హాల్లోని ఐస్‌లాండ్ పటం ముందు నిలబడి, "ఏ ఫర్ ఆపిల్ కదా తాతయ్యా, మరి ఈ చేప పక్కన ఏ ఎందుకుంది?" అన్నారు. మీ బస్సు హడావిడిలో జవాబు చెప్పలేకపోయాను.

ఆ పటం వేసినవాడు ఆబ్రహాం ఓర్టేలియస్ అని, ఇప్పటి బెల్జియంలోని ఆంట్వెర్ప్ ఊరివాడు. కుర్రతనంలో పటాలకు రంగులద్దేవాడు. 1570లో 53 పటాల రేకులతో పుస్తకం వేశాడు. అలాంటిదాన్నే మనం అట్లాస్ అంటున్నాం. ఆ పేరు మాత్రం 1595లో, మెర్కేటర్ అనే మరో పటాలాయన పోయిన మరుసటేడు వచ్చిన ఆయన పుస్తకంతో మొదలైంది. మీరు చూసిన ఐస్‌లాండ్ పటం ఓర్టేలియస్ పుస్తకంలో 1590లో చేరింది. అందులో హెక్లా అనే అగ్నిపర్వతం మండుతుంటుంది, మంచుగడ్డల మీద తెల్ల ఎలుగులు, సముద్రం నిండా వింత జంతువులు. ప్రతి జంతువుకీ ఒక అక్షరం. వాటి సంగతంతా పటం వెనక అచ్చువేశారు. ఏ అంటే నార్వాల్, తిమింగలం జాతి జంతువు. తలకి ముందు ఏడు మూరల పన్ను, దాని మాంసం తిన్నవాడు అక్కడికక్కడే చస్తాడట! ఆ పన్నునే ఒంటికొమ్ము గుర్రం కొమ్మని అమ్మేవారనీ అందులోనే రాశారు.

అందుకే పాత పటం చేతికొస్తే నేను ముందు తిరగేస్తాను. వెనక రాత లాటినా, డచ్చా, ఫ్రెంచా అన్నదాన్ని బట్టి ఏ ముద్రణలోదో చాలావరకు పట్టుకోవచ్చు. ఆకుపచ్చ రంగు రాగి చిలుముతో చేసేవారు. ఏళ్ళు గడిస్తే అది కాగితాన్ని కొరుక్కుంటూ వెనక్కి గోధుమరంగులో దిగుతుంది. ఆ మరక కనిపిస్తే పాత రంగేనని నాకు సంతోషం, కాగితానికి మాత్రం ప్రాణసంకటం.

ఇక ముందువైపు. రాగిరేకు మీద అద్దంలో బొమ్మలా, అక్షరాలతో సహా తిరగేసి చెక్కేవారు. సిరా పూసి, పైపైన తుడిచి, తడికాగితం పరిచి గట్టిగా నొక్కితే గీతల్లో మిగిలిన సిరా ఎక్కుతుంది. రేకు అంచు నొక్కుకుని చుట్టూ చిన్న పల్లం పడుతుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. రంగులు ఆనక చేత్తో వేసినవి.

ఇవేవీ తెలియని రోజుల్లో ఒక దుకాణంలో నెల జీతం పోసి ఓ పటం కొన్నాను. ఇంటికొచ్చి భూతద్దం పెడితే అన్నీ రంగుచుక్కలే, మన క్యాలెండర్ బొమ్మలాగే! అంటే ఈ కాలపు అచ్చన్నమాట. మీ నాయనమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

నాకు నచ్చని పని ఒకటుంది. విడిపటాలకు గిరాకీ అని నిక్షేపంలాంటి అట్లాసులను విప్పి, ఆకు ఆకు అమ్మేస్తారు. అలా విడివడ్డ ఆకు ఒకటి నేనూ కొన్నాను, దాచడమెందుకు? 17వ శతాబ్దపు డచ్చి పటం, అందులో మన మచిలీపట్నం ఉంది. అక్కడ వలందులు, అంటే డచ్చివాళ్ళు, గిడ్డంగి పెట్టుకున్న కాలం అది. అది బీరువాలోనే ఉంటుంది, ఎండ తగిలితే రంగు పోతుందని.

హాల్లోది నకలు, దాని వెనక ఉత్త అట్ట. దసరాకి వచ్చినప్పుడు బీరువాలోది తీస్తాను. చేతులు కడుక్కుని రండి.

మీ తాతయ్య