లూసిన్యాన్ వంశం: హత్తీన్‌తో కథ అయిపోలేదు

పీజీ విద్యార్థులకు మధ్యయుగ యూరప్ చరిత్ర చెప్పడం నా ఉద్యోగం. క్రూసేడ్ల మీద ప్రశ్న ఇచ్చిన ప్రతిసారీ జవాబు పత్రాల్లో ఒకే మాట కనిపిస్తుంది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన లూసిన్యాన్ వంశపు గై, క్రూసేడర్ల జెరూసలేం రాజ్యానికి రాజు, 1187లో హత్తీన్ యుద్ధంలో సుల్తాన్ సలాదిన్ చేతిలో ఓడాడట, దాంతో ఆ వంశం పని అయిపోయిందట. కాస్త ఎక్కువ చదివినవాళ్లు 1187 తీసేసి, క్రూసేడర్ల చివరి పెద్ద రేవు ఆక్రా పడిపోయిన 1291 వేస్తారు. రెండూ తప్పే. మార్కులు పోయేది ఇక్కడే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: హత్తీన్‌తో లూసిన్యాన్లు, 1291తో క్రూసేడర్ రాజ్యాలు అంతమయ్యాయి.

వాస్తవం: లూసిన్యాన్లకు నిలిచిన రాజ్యం దొరికిందే హత్తీన్ తర్వాత. అంతకుముందు జెరూసలేం సింహాసనం మీద గైకి ఉన్న హక్కు భార్య సిబిల్లా తరఫున వచ్చింది. ఆమె కుష్ఠురోగి రాజు నాలుగో బాల్డ్విన్‌కు అక్క. 1186లో పట్టాభిషేకం, 1187 జులై 4న హత్తీన్. మధ్యలో ఏడాది కూడా లేదు. 1190లో ఆక్రా ముట్టడి శిబిరంలో సిబిల్లా, ఇద్దరు కూతుళ్లు చనిపోయారు. దాంతో హక్కు ఆమె చెల్లెలు ఇసబెల్లాకు వెళ్లింది, గైకి కిరీటం పేరు తప్ప ఏమీ మిగల్లేదు.

ఇక్కడ పుస్తకం మూసేస్తారు మనవాళ్లు. తర్వాతి పేజీలోనే ఉంది అసలు విషయం. 1191లో ఆక్రాకు వెళ్తూ దారిలో ఇంగ్లండ్ రాజు రిచర్డ్, అక్కడ పాలిస్తున్న ఐజాక్ కొమ్నెనోస్ చేతిలోంచి సైప్రస్‌ను లాక్కున్నాడు. లక్ష బెజెంట్లకు (బంగారు నాణేలు) టెంప్లార్లనే సన్యాసి యోధుల సంఘానికి అమ్మేశాడు. వాళ్లు 40,000 కట్టి పాలన మొదలుపెట్టారు. 1192లో నికోసియా జనం తిరగబడేసరికి మాకొద్దు బాబోయ్ అని ద్వీపాన్ని తిరిగి ఇచ్చేశారు. అప్పుడు గై అప్పులు చేసి దాన్ని తీసుకున్నాడు. సిరియా తీరంలో భూములు పోగొట్టుకున్న నైట్లను పిలిచి అక్కడ జాగీర్లు పంచాడు. 1194లో గై చనిపోయాక అన్న ఏమెరీ వచ్చాడు. నా దృష్టిలో ఈ ఇంట్లో సమర్థుడంటే ఇతనే. పవిత్ర రోమన్ చక్రవర్తి ఆరో హెన్రీ నుంచి రాజకిరీటం సంపాదించి 1197లో సైప్రస్‌ను రాజ్యం చేశాడు. ఆ వెంటనే ఇసబెల్లాను పెళ్లాడి జెరూసలేం రాజు కూడా అయ్యాడు. తమ్ముడు పోగొట్టిన బిరుదు అన్న దగ్గరికి వచ్చింది.

1192 నుంచి వెనిస్ చేతికి పోయిన 1489 దాకా లెక్కేయండి. దాదాపు 300 ఏళ్లు. జెరూసలేం రాజ్యం అన్నీ కలిపినా 1099 నుంచి 1291 వరకే ఉంది. మరి క్రూసేడర్ రాజ్యాలు 1291తో అయిపోయాయని ఎలా రాస్తాం?

ఎందుకు నిలిచింది అంటారా, చుట్టూ సముద్రం. పైగా ఆక్రా పోయాక ఈజిప్టుతో వ్యాపారం చేయొద్దని పోప్ ఆంక్షలు పెడితే ఆ సరుకంతా ఫామగుస్తా రేవుకు మళ్లింది. అంటే 1291 వీళ్లకు లాభమే తెచ్చింది! ఈ రాజ్యం నడ్డి విరవడంలో కూడా సుల్తాన్ల కన్నా ముందున్నది వర్తకులు. 1372లో రెండో పీటర్ పట్టాభిషేకం నాడు ఇటలీ వర్తక నగరాలైన జెనోవా, వెనిస్ వాళ్లు గొడవపడ్డారు. మరుసటి ఏడాది జెనోవా నౌకాదళం వచ్చి ఫామగుస్తాను పట్టుకుని 1464 దాకా వదల్లేదు. ఈజిప్టు సుల్తాన్లైన మమ్లూకులు సైప్రస్ రాజు జానస్‌ను ఖిరోకీటియా దగ్గర పట్టుకుని కైరో తీసుకెళ్లింది 1426లో. అప్పటినుంచి కప్పం. చివరి రాణి కాతరీనా కోర్నారో వెనిస్ ఆడపడుచు, ద్వీపాన్ని వెనిస్‌కే అప్పగించింది.

మా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఇప్పుడు నికోసియాలో ఉద్యోగం చేస్తోంది. ఒకరోజు ఫొటో పంపింది: "సార్, ఈ మసీదు చర్చిలా ఉందేంటి?" అది సెలీమియే మసీదు. ఒకప్పటి సెయింట్ సోఫియా కేథడ్రల్, లూసిన్యాన్లు సైప్రస్ రాజులుగా కిరీటం పెట్టుకున్న చోటు. మినార్లు 1570లో ఒట్టోమన్లు వచ్చాక కట్టినవి. రోజూ దాని పక్కనుంచే నడుస్తున్నానంటూ చాలాసేపు నవ్వుకుంది పిల్ల. జెరూసలేం రాజు పట్టాభిషేకం మాత్రం ఫామగుస్తాలో, సెయింట్ నికొలస్ కేథడ్రల్‌లో. చేతిలో లేని ఊరికి కిరీటం!

అపోహ: గై ఉత్త మూర్ఖుడు.

క్రూసేడ్ల మీద సినిమా చూసి వచ్చి వాదిస్తారు. 1183లో సలాదిన్ దండెత్తితే, రోగి రాజుకు ప్రతినిధిగా ఉన్న గై పెద్ద సైన్యంతో నీటి ఊటల దగ్గరే కదలకుండా కూర్చున్నాడు. తిండి అయిపోయి సలాదిన్ వెనక్కి పోయాడు. దానికి మెచ్చుకోవాల్సింది పోయి పిరికివాడని పదవి పీకేశారు. అదే మనిషి 1187లో సఫూరియా ఊటలు వదిలి మండుటెండలో తిబేరియాస్ పట్టణానికి బయల్దేరాడు. కదలొద్దని ట్రిపోలీ ప్రభువు రేమండ్ చెప్పాడు, ముట్టడిలో చిక్కుకున్నది అతని భార్యే అయినా. వినలేదు. తప్పు నిర్ణయమే, కాదనను. అయితే నాలుగేళ్ల ముందు అవమానం గుర్తున్నవాడి నిర్ణయం అది.

మిగతావి గబగబా. గై టెంప్లార్ కాడు. పెళ్లయినవాడు ఆ సన్యాస సంఘంలో ఎలా ఉంటాడు? సలాదిన్ గైని చంపలేదు, చంపింది అతనితో పాటు పట్టుబడిన రేనాల్డ్ అనే ప్రభువును. గైని 1188లో విడిచిపెట్టాడు. గై సైప్రస్ ప్రభువు మాత్రమే, సైప్రస్ రాజు కాడు. మెలూసీన్ అనే సగం పాము దేవకన్యకు పుట్టిన వంశం అన్నది కథ. ఫార్వర్డ్ చేయకండి.

ఇక ఈ వంశంలో హ్యూ అనే పేరున్నవాళ్ల సంగతి. వైవా ముందు ఒక అబ్బాయి దాదాపు ఏడుస్తూ వచ్చాడు, "సార్, ఏ హ్యూ ఎవరో నాకు ఎక్కట్లేదు" అని. పాపం, ఎవరికి ఎక్కుతుంది? టెన్షన్ పడకండి. రెండు వరుసలు విడివిడిగా రాసుకోండి. ఫ్రాన్స్‌లోని పోయితూలో సొంత కోట దగ్గర ఉన్న ప్రభువులది ఒకటి, సైప్రస్ రాజులది ఒకటి. ఇంగ్లండ్ రాజు జాన్ వితంతువును 1220లో పెళ్లాడిన పదో హ్యూ మొదటి వరుసవాడు, సైప్రస్‌తో సంబంధం లేదు. సైప్రస్‌లో నలుగురే హ్యూలు. 1267లో రెండో హ్యూతో మగ సంతతి ఆగిపోతే, మేనత్త కొడుకు మూడో హ్యూ సింహాసనం ఎక్కి తల్లి ఇంటిపేరు పెట్టుకున్నాడు. అతని తండ్రి అంతియోక్ ప్రభువుల వంశంవాడు. ఈ ఒక్క ముక్క జవాబులో రాస్తే చాలు, మీరు గైడు చదవలేదని దిద్దేవాళ్లకు తెలిసిపోతుంది.